మేనమామ పోలిక

మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. 32 పేజీలు. చిన్న గొట్టంలో ఉమ్మి పట్టి పంపిస్తే జన్యువులు చదివి ఇచ్చిన రిపోర్టు అది. "అక్కా, నాలుగో పేజీ ఒక్కటి చూసి చెప్పు. అక్కడంతా ఎర్రగా ఉంది, నీ మరదలు కంగారు పడుతోంది" అన్నాడు.

నాలుగో పేజీ పైన "మీ యాంటీఆక్సిడెంట్ రక్షణ" అని శీర్షిక. కింద ఐదు జన్యువుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక రంగు చుక్క. ఎస్ఓడీ2 ఎరుపు. జీపీఎక్స్1 ఎరుపు. క్యాటలేజ్ పసుపు. మిగతా రెండూ ఆకుపచ్చ. అదే పేజీలో ఆ చుక్కల కిందే ఆర్నెల్ల మాత్రల ప్యాకేజీ, దాంతోపాటు వారానికొకటి చొప్పున ఎనిమిది డ్రిప్‌లు. నరంలోకి పెద్ద మోతాదులో విటమిన్ సి, గ్లూటాథయోన్. వాడు డబ్బు కట్టేశాడు. మొదటి డ్రిప్ వచ్చే సోమవారమే.

నేను మొత్తం రిపోర్టు రెండుసార్లు తిరగేశాను, ఒక్క పేరు కోసం. ఎక్కడా లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"సోమవారం ఆ డ్రిప్ పెట్టించుకోకురా. ముందు జి6పిడి అని ఒక రక్తపరీక్ష ఉంటుంది, అది చేయించు."

"ఇన్ని జన్యువులు చూశారు కదక్కా, అదీ చూసే ఉంటారు."

చూడలేదు. జి6పిడి అంటే ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైము. మా ఇంట్లో పద్దెనిమిదేళ్ల తేడాతో రెండుసార్లు ప్రాణం మీదికి తెచ్చింది దాని లోపమే, దాన్నే చూడలేదు. వాడికి ఫోన్లో సగం సగం చెప్పినదంతా ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన మనిషిని. డాక్టర్ని కాను. కానీ ఈ ఒక్క విషయం మీద మా అబ్బాయి పుణ్యమా అని చదవని కాగితం లేదు.

ముందు ఆ ఎర్ర చుక్కల సంగతి.

మనం పీల్చే ఆక్సిజన్‌లో కొద్దిపాటి కణం లోపల దారితప్పి సూపరాక్సైడ్ అనే చురుకైన రూపం తీసుకుంటుంది. వదిలేస్తే దొరికినదాన్నల్లా పాడుచేస్తుంది. 1969లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ ఫ్రిడోవిచ్, ఆయన విద్యార్థి జో మెకార్డ్ దీన్ని అదుపులో పెట్టే ఎంజైమును గుర్తించారు. నిజానికి పశువుల రక్తంలో ఉండే ఆ రాగి ప్రోటీన్ అప్పటికే ముప్ఫై ఏళ్లుగా తెలుసు. అది చేసే పనేమిటో ఎవరికీ తెలియదు, అంతే. వాళ్లిద్దరూ దానికి సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అని పేరు పెట్టారు. ఎస్ఓడీ అంటే అదే.

అయితే ఎస్ఓడీ విషాన్ని పూర్తిగా తీసెయ్యదు. సూపరాక్సైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, అదీ విషమే. దాన్ని నీళ్లుగా మార్చడానికి క్యాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ (రిపోర్టులో జీపీఎక్స్ అన్నది ఇదే) కావాలి. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు, ఎంగిలాకులు తీసేవాళ్లు, వెనక గిన్నెలు తోమేవాళ్లు వేరువేరుగా ఉంటారు కదా, ఇదీ అలాంటి ఏర్పాటే. ఒకళ్లు కొంచెం మెల్లగా కదిలితే మిగతావాళ్లు సర్దుకుంటారు. ఈ సర్దుబాటు సంగతి రంగుచుక్కల్లో కనిపించదు.

తమ్ముడికి ఎరుపు వేసిన ఎస్ఓడీ2 మైటోకాండ్రియాలో పనిచేసే రకం. దాని జన్యువులో ఒకచోట కొందరికి అలనిన్ అనే అమైనో ఆమ్లానికి, కొందరికి వాలిన్ అనే ఇంకోదానికి సరిపడే అక్షరం ఉంటుంది. ఆ చోటు ఎంజైము పనిచేసే భాగంలో లేదు. తయారైన ప్రోటీన్‌ని మైటోకాండ్రియా లోపలికి చేర్చే తోకలో ఉంది, లోపలికి వెళ్లాక ఆ తోక తెగిపోతుంది. అలనిన్ ఉంటే సులువుగా వెళ్తుంది, వాలిన్ ఉంటే దారిలో కొంత చిక్కుకుంటుంది. ఇంతవరకు గట్టి విషయమే. ఇక్కణ్ణుంచి జబ్బుల్లోకి వెళ్లేసరికి నేల మెత్తబడుతుంది. న్యూయార్క్ రాష్ట్రపు స్త్రీల మీద 1999లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం, తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అలనిన్ వచ్చినవాళ్లకి ముట్లుడగకముందు రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు నాలుగు రెట్లు అంది. తర్వాత వేలమందిని కలిపి చూస్తే అది నిలబడలేదు. ఇంకోపక్క వాలిన్ ఉన్న షుగర్ రోగులకి కిడ్నీలు పాడయ్యే అవకాశం ఎక్కువని మరికొన్ని అధ్యయనాలు చెప్పాయి. అంటే ఒకే చోట ఏ అక్షరం ఉన్నా ఎరుపు వెయ్యడానికి ఒక కాగితం దొరుకుతుంది. మా తమ్ముడిది వాలిన్-వాలిన్. ప్రపంచంలో కోట్లమందిది అదే.

అన్నిటినీ కొట్టిపారెయ్యను. జీఎస్‌టీఎం1 అనే ఎంజైము జన్యువే లేకుండా పుట్టినవాళ్లు చాలామంది ఉంటారు, యూరోపియన్లలో సగం మంది అలాంటివాళ్లే. వాళ్లకి మూత్రాశయ క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువ అన్నది పదేపదే తేలింది. కానీ దానికి తెలిసిన మందు సిగరెట్ మానడమే, అది ఏ జన్యువు ఉన్నవాడికైనా మందే. సగం జనాభాకి ఉన్నదాన్ని "మీకు ప్రత్యేకంగా" అని అచ్చువేసి ఇవ్వడం నాకు నచ్చదు.

ఒక ఎంజైము బలహీనపడటం కాదు, అసలు లేకపోతేనే ఏమవుతుందో చూసిన డాక్టరు ఒకాయన ఉన్నారు. జపాన్‌లో ఒకాయామాకి చెందిన షిగెవో తకహారా, చెవి ముక్కు గొంతు వైద్యుడు. 1946లో పదకొండేళ్ల అమ్మాయికి నోట్లో కుళ్లిన భాగం కోసి తీసి, శుభ్రం చెయ్యడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు. ఎవరికి పోసినా తెల్లటి నురగ వస్తుంది. ఆ పిల్లకి నురగ రాలేదు, రక్తం నల్లబడిపోయింది. నర్సు పొరపాటున, తగిలినచోట నల్లబరిచే సిల్వర్ నైట్రేట్ సీసా అందించిందేమో అనుకున్నారట. సీసా సరైనదే. ఆ పిల్ల రక్తంలో నురగ రప్పించే క్యాటలేజ్ లేదు. తర్వాత అలాంటి కుటుంబాలు ఇంకా బయటపడ్డాయి. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది, క్యాటలేజ్ లేనివాళ్లలో చాలామంది నోటి పుండ్లు కూడా లేకుండా మామూలుగా బతకడం. వడ్డన ఆగకుండా మిగతావాళ్లు సర్దేశారు. ఎంజైమే లేనివాళ్లు మామూలుగా బతికినప్పుడు, ఆ జన్యువు ముందుభాగంలో ఒక అక్షరం మారిందని పసుపు చుక్క వేసి మాత్రలు అమ్మడానికి ఆధారం ఏముంది?

దీనికి ఎదురు ఉదాహరణగా ఎస్ఓడీల్లోనే ఇంకో రకమైన ఎస్ఓడీ1ని చూపిస్తారు. 1993లో దాని జన్యువులోని మార్పులకి ఏఎల్ఎస్‌తో సంబంధం దొరికింది. కండరాల్ని కదిపే నాడులు ఒక్కొక్కటే చచ్చిపోయే భయంకరమైన జబ్బు అది. రక్షణ ఎంజైము తగ్గింది కాబట్టి నాడులు తుప్పుపట్టాయని అందరూ అనుకున్నారు. కానీ ఆ జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుకలకి ఆ జబ్బు రాలేదు. వంకరగా ముడుచుకున్న ఎస్ఓడీ1 ప్రోటీనే నాడులకి విషమవుతోందని తేలింది. అందుకే ఆ జబ్బుకి 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫర్సెన్ అనే మందు ఎస్ఓడీ1ని పెంచదు, తగ్గిస్తుంది. యాంటీఆక్సిడెంట్ ఎంజైముని తగ్గించడమే చికిత్స! ఇది మొదటిసారి చదివినప్పుడు పాఠ్యపుస్తకంలోంచి పిల్లలకి నేను చెప్పిన మాటలన్నీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

మాత్రల సంగతి కూడా లెక్కల్లో ఉంది. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకి బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఇచ్చి చూస్తే, 1994 నాటికి బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో 18,314 మందితో మొదలైన పరీక్షలో 28 శాతం ఎక్కువ రావడంతో 1996 జనవరిలో గడువుకి ముందే ఆపేశారు. మరో 35,533 మంది మగవాళ్ల పరీక్షలో విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైంది. వీటిలో ఏదీ గాలివాటపు వార్త కాదు. అయినా మందుల షాపులో "యాంటీఆక్సిడెంట్ ఇవ్వండి" అని అడిగేవాళ్లు తగ్గలేదు.

ఇక ఆ రిపోర్టులో లేని పేరు.

మా అబ్బాయి 2001 జూన్‌లో పార్వతీపురంలో పుట్టాడు, మా అమ్మగారింట్లోనే పురుడు. అమ్మ ట్రంకు పెట్టె తీసి, ఇరవై ఏళ్లుగా దాచిన చంటిపిల్లల చొక్కాలు, పొత్తిగుడ్డలు బయటికి తీసింది. అవి తమ్ముడు తొడుక్కున్నవే. పెట్టె నిండా కలరా ఉండల వాసన. "బట్టలకి పురుగు పట్టకుండా ఎంత జాగ్రత్తగా దాచేనో చూడు" అని మురిసిపోయింది. ఉతికే తీరిక లేదు, వానాకాలం, ఆరవని భయం. అలాగే తొడిగాం.

మూడోరోజుకి బిడ్డ కళ్లు పచ్చబడ్డాయి. చూసినవాళ్లందరూ మామూలేనన్నారు. పొద్దుటెండలో పడుకోబెట్టమన్నారు. అమ్మ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, "మేనమామ పోలికే. వాడూ ఇలాగే పచ్చగా అయ్యేడు, పదిరోజులకి తగ్గిపోయింది" అంది. నాలుగోరోజుకి పాలు తాగడం మానేసి ఒకటే నిద్ర. కారు మాట్లాడుకుని విశాఖపట్నం పరుగెత్తాం. కామెర్లలో ఒంటిని పచ్చబరిచే పదార్థం, బిలిరుబిన్, 26 ఉంది. అంత ఎక్కితే అది మెదడులోకి దిగి వినికిడి పోగొట్టవచ్చు, జీవితాంతం కాళ్లూ చేతులూ స్వాధీనం లేకుండా చెయ్యవచ్చు. ఆ రాత్రే రక్తం మార్చారు. బతికాడు, చెవులు కూడా దక్కాయి. డిశ్చార్జి కాగితం మీద "కామెర్లు, కారణం తెలియలేదు" అని రాసిచ్చారు. ఆ కాగితంతో ఇంటికొచ్చి, మళ్లీ అదే పెట్టెలోంచి బట్టలు తీశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు వెన్ను చల్లబడుతుంది.

కలరా ఉండలంటే నాఫ్తలీన్. అది ఒంట్లోకి వెళ్లి ఎర్ర రక్తకణాల మీద ఆక్సిడేషన్ దాడి చేస్తుంది. మామూలు బిడ్డ తట్టుకుంటుంది. జి6పిడి తక్కువున్న బిడ్డ రక్తకణాలు తట్టుకోలేవు, పగిలిపోతాయి. పగిలిన కణాల్లోంచే ఆ పసుపు వస్తుంది. కలరా ఉండల్లో దాచిన బట్టలు తొడిగితే పసిపిల్లలకి ఇలా అయినట్టు 1960ల్లోనే గ్రీసు డాక్టర్లు రాసి పెట్టారు. గోరింటాకుదీ దాదాపు ఇదే కథ. చేతులు పండించే లాసోన్ అనే పదార్థం, నాఫ్తలీన్ ఒంట్లో మారే రూపాలకి దగ్గరి చుట్టం. గల్ఫ్ దేశాల్లో పసిపిల్లలకి ఒళ్లంతా గోరింటాకు పూశాక ఇలాగే ప్రాణం మీదికి వచ్చిన కేసులు నమోదయ్యాయి. అక్కడ కాపురాలు చేస్తున్న మన తెలుగు అమ్మాయిలు ఎంతమంది! వాళ్లకి ఈ మాట చేరాలి.

జి6పిడి ఎందుకింత ముఖ్యం? ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా ఉండదు. 120 రోజుల పాటు ఆక్సిజన్ మోస్తూ, మోస్తున్నదాని వేడికే కాలుతూ తిరుగుతుంది. దాన్ని కాపాడేది గ్లూటాథయోన్. ఒకసారి పెరాక్సైడ్‌ని చల్లార్చాక గ్లూటాథయోన్ ఎంగిలైన గిన్నె లాంటిది, తోమితేనే మళ్లీ పనికొస్తుంది. తోమడానికి కావలసినది ఎన్ఏడీపీహెచ్ అనే అణువు. మిగతా కణాలకి అది తయారు చేసుకోవడానికి వేరే దారులున్నాయి. ఎర్ర కణానికి జి6పిడి ఒక్కటే దారి. వంటశాలంతటికీ గిన్నెలు తోమే మనిషి ఒక్కడే. మామూలు రోజుల్లో నెట్టుకొస్తాడు, ఉన్నట్టుండి నాలుగు బంతులు ఒకేసారి లేస్తే చేతులెత్తేస్తాడు. ఇక్కడ సర్దుకునేవాళ్లు లేరు. క్యాటలేజ్ లేని జపాన్ పిల్లకీ, మా వాడికీ తేడా ఇదే.

అందుకే ఆ డ్రిప్ అంటే నాకు అంత భయం. విటమిన్ సి పళ్లల్లో, మామూలు మాత్రల్లో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తే అది తిరగబడి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని పుట్టిస్తుంది. జి6పిడి లోపం ఉన్నవాళ్లకి అలాంటి డ్రిప్‌ల తర్వాత రక్తకణాలు పగిలి, కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్యపత్రికల్లో ఉన్నాయి. తెలిసిన డాక్టర్లు ముందు జి6పిడి చూడకుండా ఆ డ్రిప్ పెట్టరు. యాంటీఆక్సిడెంట్ జన్యువులు చదివామని చెప్పి, యాంటీఆక్సిడెంట్ పేరుతో డ్రిప్ అమ్మేవాళ్లు, ఆ డ్రిప్ ఎవరిని చంపగలదో చెప్పే జన్యువును మాత్రం చదవలేదు. నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

రెండోసారి 2019లో. అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. స్నేహితులతో గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లోకి వెళ్లొచ్చాడు. రెండువారాలకి చలిజ్వరం. రక్తం చూసి వైవాక్స్ మలేరియా అన్నారు. క్లోరోక్విన్‌తోపాటు పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ రాశారు. వైవాక్స్ క్రిములు లివర్‌లో నిద్రపోతాయి, నెలల తర్వాత లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. వాటిని చంపేది ప్రైమాక్విన్ జాతి మందులే. రాసినాయన తప్పు మందు రాయలేదు. ఒక ప్రశ్న అడగలేదు, అంతే.

నాలుగోరోజు పొద్దున్న అబ్బాయి బాత్రూమ్‌లోంచి పిలిచాడు. మూత్రం డికాక్షన్ రంగులో ఉంది. సాయంత్రానికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ ఆరుకి పడిపోయింది. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ కాగితాలన్నీ చూసి, "చిన్నప్పుడు కామెర్లు వచ్చాయా?" అని అడిగింది. పద్దెనిమిదేళ్లలో ఆ రెండిటినీ కలిపి అడిగిన మొదటి మనిషి ఆవిడే. జి6పిడి పరీక్ష చేశారు. నార్మల్ వచ్చింది.

ఇది అందరూ తెలుసుకోవాల్సిన చోటు. ఎర్ర కణం కొత్త ప్రోటీన్ తయారు చేసుకోలేదు, పుట్టినప్పుడు తెచ్చుకున్న ఎంజైముతోనే నెట్టుకురావాలి. లోపం ఉన్నవాళ్లలో ఆ ఎంజైము త్వరగా శిథిలమవుతుంది కాబట్టి ముసలి కణాలు ముందు పగిలిపోతాయి. దాడి జరిగిన వెంటనే రక్తం తీస్తే అందులో మిగిలేవి కుర్ర కణాలే. అప్పుడు పరీక్ష నార్మల్ చూపించవచ్చు. డాక్టరమ్మ అది ముందే చెప్పింది, మూడు నెలలాగి మళ్లీ చెయ్యమంది. మూడు నెలలకి చేస్తే బాగా తక్కువ వచ్చింది.

ఈ లోపం బయటపడింది కూడా ఈ మందు వల్లే. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు స్టేట్‌విల్ జైల్లో ఖైదీలకి మలేరియా ఎక్కించి మందులు పరీక్షించేవారు. జైల్లో ఉన్న మనిషి ఇచ్చే ఒప్పుకోలుకి ఎంత విలువుంటుందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. ప్రైమాక్విన్ ఇచ్చినప్పుడు కొందరు నల్లజాతి ఖైదీలకి ఎర్ర రక్తకణాలు పగిలిపోయేవి. వాళ్ల కణాలకి రేడియోధార్మిక గుర్తు పెట్టి వేరేవాళ్లకి ఎక్కించి చూస్తే, ఎవరి ఒంట్లో ఉన్నా ఆ కణాలే పగిలాయి. అంటే లోపం కణంలోనే ఉంది. 1956లో పాల్ కార్సన్ బృందం అది జి6పిడి లోపమని తేల్చింది. ఏ మందు ఎవరికి పడుతుందో జన్యువును బట్టి చెప్పే శాస్త్రానికి మొదటి ఇటుకల్లో ఇదొకటి. ఆ మనుషుల రక్తం ఖరీదుతో తెలిసిన విషయాన్ని డెబ్భై ఏళ్ల తర్వాత కూడా అడగకుండా మందు రాస్తున్నాం.

ఈ లోపం ప్రపంచంలో 40 కోట్లమందికి పైగా ఉంది. మలేరియా ఉన్న నేలల మీదే ఇంతగా పెరిగింది, ఎందుకంటే ఇది మలేరియా చంపకుండా కొంత కాపాడుతుంది. మన దేశంలో మెడిటరేనియన్, కేరళ-కల్యాణ్, ఒరిస్సా అనే రకాలు ఎక్కువ. ఒరిస్సా రకం ముఖ్యంగా గిరిజనుల్లో కనిపిస్తుంది. కొన్ని గిరిజన సమూహాల్లో లోపం నూటికి పది దాటినట్టు రికార్డయింది. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు చూడండి: మలేరియా ఎక్కడ ఉందో, ప్రైమాక్విన్ ఎక్కడ పంచుతారో, ఈ లోపం ఉండే అవకాశమూ అక్కడే ఎక్కువ. రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో. ఆ సంగతి ప్రతి క్విజ్‌లో అడుగుతాం, ఈ లోపం సంగతి మాత్రం అడగం.

అమ్మ మాటకి వస్తాను. "మేనమామ పోలిక." జి6పిడి జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఉన్న ఒకే ఎక్స్ తల్లి నుంచి వస్తుంది. ఆ తల్లికి తన తల్లి నుంచి వచ్చి ఉంటే, అదే జన్యువు ఆమె తమ్ముడికీ వచ్చి ఉండవచ్చు. అందుకే ఇలాంటి లోపాలు మేనమామలో, మేనల్లుడిలో కనిపిస్తాయి. అమ్మ ఏ పుస్తకమూ చదవకుండా మూడోరోజునే నిజం చెప్పేసింది. వినే చెవి మాకు లేకపోయింది. నేను ప్రతి ఏడూ పదో తరగతికి లింగ సహలగ్న వంశపారంపర్యం పాఠం చెబుతూనే ఉన్నాను, హీమోఫీలియా ఉదాహరణ ఇస్తూనే ఉన్నాను. ఇంట్లో ఉన్న ఉదాహరణ కనబడలేదు.

ఆడవాళ్లకి ఇది రాదని చాలామంది డాక్టర్లే అంటారు. అది సరి కాదు. ఆడమనిషిలో ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుందని 1961లో మేరీ లయన్ చెప్పింది. మరుసటేడే అర్నెస్ట్ బ్యూట్లర్ సరిగ్గా ఈ జి6పిడి కణాలతోనే దాన్ని నిజమని చూపించాడు. అంటే నాలాంటి ఆడదాని రక్తంలో కొన్ని కణాలు గట్టివి, కొన్ని బలహీనమైనవి, కలగలిపి ఉంటాయి. లోపం ఉందా లేదా అని మాత్రమే చెప్పే మామూలు స్పాట్ పరీక్షలో నాకు నార్మల్ వచ్చింది. ఎంజైము ఎంత ఉందో కొలిచే పరీక్షలో, ఉండాల్సినదాంట్లో 58 శాతం. వైవాక్స్‌కి 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన కొత్త మందు టాఫెనోక్విన్ ఇవ్వాలంటే కనీసం 70 శాతం ఉండాలి. ఆ మందు ఒకసారి మింగితే వారాల తరబడి ఒంట్లో ఉండిపోతుంది, ప్రైమాక్విన్‌లా మధ్యలో ఆపుకునే వీలుండదు. అంటే నన్ను నార్మల్ అన్న పరీక్షను నమ్మి ఆ మందు వేసుకుంటే నాకు ప్రమాదమే.

మన ఇళ్లల్లో ఇంకోటుంది, మేనరికం. అమ్మకి తమ్ముడి కూతుర్ని మా అబ్బాయికి చేసుకోవాలని కోరిక. తమ్ముడికి లోపం ఉంటే, ఉన్న ఒక్క ఎక్స్ కూతురికి ఇచ్చి తీరతాడు, కాబట్టి ఆ పిల్ల మోస్తూ ఉంటుంది. ఆ పిల్లకీ మా వాడికీ పెళ్లయితే పుట్టే మగపిల్లల్లో సగానికీ, ఆడపిల్లల్లో సగానికీ పూర్తి లోపం వచ్చే అవకాశం ఉంది. ఆడపిల్లల్లో అరుదుగా ఉండాల్సినది మేనరికపు ఇళ్లల్లో అరుదు కాకుండా పోతుంది. దీనికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, పెళ్లి ఆపుకోవాల్సినంత జబ్బూ కాదు. తెలిసుంటే చాలు, మామూలుగా బతికేస్తారు. తెలియకపోతేనే ప్రాణం మీదికి వస్తుంది.

నేను అడుగుతున్నది పెద్ద సంగతేమీ కాదు. పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ నుంచి ఒక చుక్క తీసి జి6పిడి చూడాలి, టీకాల కార్డు మీద ఆ ఫలితం రాయాలి. మగవాళ్లలో నూటికి మూడు నుంచి ఐదుగురికి మించి లోపం ఉన్నచోట పుట్టగానే పరీక్షించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1989లోనే చెప్పారు. సింగపూర్ 1965 నుంచి చేస్తోంది, కామెర్లతో మెదడు దెబ్బతినే పిల్లలు అక్కడ బాగా తగ్గిపోయారు. కేరళలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువులకి చూసే లోపాల్లో ఇదీ ఒకటి. మన దగ్గర రక్తపుచుక్క తీసే పని కూడా ఇప్పటికే జరుగుతోంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు 7 కోట్లమందిని పరీక్షించాలని లక్ష్యం, అందులో మన రెండు రాష్ట్రాల గిరిజన ప్రాంతాలూ ఉన్నాయి. ఏఎన్ఎం అమ్మ కొండెక్కి, వేలు గుచ్చి, చుక్క తీసి, అందులో ఒక్కటే చూసి దిగిపోతోంది. అదే గుచ్చులో ఇదీ చూడవచ్చు.

దీనికి ఎదురు మాట ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. మలేరియా కార్యక్రమంలో పనిచేసిన ఒక పెద్దాయన నాతో అన్నారు: "అమ్మా, పరీక్ష లేనిదే ప్రైమాక్విన్ ఇవ్వకూడదంటే కొండమీద ఎవరూ ఇవ్వరు. వైవాక్స్ తిరగబెడుతూ ఉంటుంది, అదీ రక్తహీనతే." నిజం. భయంతో మందు ఆపేస్తే నష్టపోయేది కూడా ఆ పిల్లలే. నేను మందు ఆపమనడం లేదు. లోపం ఉందని తెలిస్తే వారానికొకసారి చొప్పున ఎనిమిది వారాలు డాక్టరు కనుసన్నల్లో ఇచ్చే పద్ధతి ఉంది. పరీక్ష లేనిచోట కనీసం రెండు ప్రశ్నలు అడగవచ్చు: పుట్టినప్పుడు కామెర్లు ముదిరాయా, ఇంట్లో మేనమామలకి ఎప్పుడైనా మూత్రం నల్లగా వచ్చిందా. మూత్రం రంగు మారితే మాత్ర ఆపి పరుగెత్తుకు రమ్మని, ఇంట్లో వాళ్ల భాషలో, కోయలో, కువిలో, సవరలో చెప్పి ఇవ్వవచ్చు. మా ఇంట్లో ఆ రెండు ప్రశ్నలు అడిగి ఉంటే సరిపోయేది.

ఇంకో చిన్నమాట. లోపం తేలిన ఇళ్లల్లో చిక్కుడుకాయ మానిపించేస్తున్నారు. ఈ లోపం ఉన్నవాళ్లకి పడనివి ఫావా చిక్కుళ్లు, మధ్యధరా దేశాల్లో తినే బాకలా గింజలు. మన పాదు చిక్కుడు వేరే జాతి. అనవసరంగా పిల్లల కంచంలోంచి కూర తియ్యకండి. తియ్యాల్సింది బీరువాలోని కలరా ఉండలు.

తమ్ముడు శుక్రవారం రక్తం ఇచ్చాడు. పరీక్షకి 450 రూపాయలయింది. శనివారం సాయంత్రం ఫలితం ఫొటో తీసి పంపాడు. బాగా తక్కువ, ఇంచుమించు మా అబ్బాయి అంకె. నలభై నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగాడు, ఎదురుగా వచ్చే దాడి రాకపోవడం వల్ల.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. తర్వాత, "డబ్బు వెనక్కి ఇవ్వరటక్కా" అన్నాడు. పోనీలేరా అన్నాను. మళ్లీ కాసేపాగి, "మరి పాపకి?" అని అడిగాడు.

పాపకి పదహారేళ్లు. వాడి ఒక్క ఎక్స్ దానికే వచ్చింది కాబట్టి అది మోస్తోందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఎంత శాతం ఉందన్నదే తెలియాలి. వచ్చే శనివారం రక్తం ఇస్తోంది. స్పాట్ పరీక్ష కాదు, కొలిచేదే చెయ్యమని డాక్టరు చేత చీటీ రాయించాం.